బేరింగులు మార్చిన నాడు

రేడియేటర్‌లో నీళ్లు పోసి మూత బిగించాక, బిక్షం కారు ముందుకొచ్చి నడుం వంచి హ్యాండిల్ తిప్పాడు. మొదటిసారి ఇంజను దగ్గి ఊరుకుంది. రెండోసారి అందుకుంది. చలికాలం పొద్దుటిపూట ఆ నల్ల మోటారు ఎప్పుడూ అంతే. హ్యాండిల్ తీసి సీటు కింద పెట్టి, ఇంజను వేడెక్కేదాకా బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆ వెచ్చదనం కోసమే చెయ్యి పెడతాడో, ఇంజను కొట్టుకోవడం తెలియాలని పెడతాడో అతను ఎప్పుడూ ఆలోచించలేదు. పొద్దున లేస్తే చేసే పనుల్లో అదొకటి.

యాభై దాటిన మనిషి. పొడుగ్గా, ఎండిపోయిన ఒళ్లు. ఎన్నేళ్లు స్టీరింగ్ పట్టుకున్నాడో ఏమో, ఉత్త చేతులతో నడుస్తున్నప్పుడు కూడా వేళ్లు కొంచెం ముడుచుకునే ఉంటాయి. ఖాకీ కోటు మోచేతుల దగ్గర రెండు రంగుల మాసికలు. గోళ్ల సందుల్లో గ్రీజు ఎన్నిసార్లు కుంకుడురసంతో రుద్దినా పోదు.

కారు యజమాని తిరుపతయ్య నోట్లో వేపపుల్లతో దుకాణం వెనక తలుపులోంచి షెడ్డులోకి వచ్చాడు. సూర్యాపేటలో నూనె వ్యాపారం ఆయనది. ఏడాదిన్నర కింద, ఆత్మకూరు దిక్కు దొర ఒకాయన గడీకి తాళం వేసి పట్నం వెళ్లిపోతూ అగ్గువకు అమ్మితే ఈ కారు కొన్నాడు. కారుతోపాటు బిక్షం కూడా వచ్చాడు. రమ్మని ఎవరూ అడగలేదు. కారు ఎటుపోతే అటు పోవడం అతనికి అలవాటు.

"సూడు బిక్షం," అన్నాడు తిరుపతయ్య. "సామాను కోదాడల పర్వతాలు మేస్త్రీ కాడికొచ్చింది. బేరింగులేపిచ్చి, సక్కగ మిర్యాలగూడ పోయి కారు కొనే మిల్లు సేటుకు అప్పజెప్పి రా. ఆయన మేనల్లుడు సక్రం ఎత్తి తిప్పి సూస్తడంట. సప్పుడొస్తే తీసుకోనని ముందే సెప్పిండు."

"మంచిది."

"బండి నడిపేది గూడ ఆ మేనల్లుడే. నీ సంగతి మల్ల సూద్దాం. లారీ కొంటే నిన్నే పెట్టుకుంట."

బిక్షం తలూపాడు. లారీ మాట నిరుటి నుంచీ వింటున్నదే.

ముందు చక్రం మొరగడం మొదలుపెట్టింది నిరుటి వానాకాలంలో. అప్పట్లో సరిహద్దు దాటి ఏ సామానూ వచ్చేది కాదు. పెట్రోలే లేక సగం కార్లు చెట్ల కింద పడుకున్నాయి. బిక్షం వారానికోసారి చక్రం విప్పి, కిరసనాయిల్లో కడిగి, గ్రీజు కూరి మళ్లీ బిగించేవాడు. రెండు రోజులు మూలుగుతూ నడిచి, మూడోనాడు మళ్లీ మొరిగేది. మిలిట్రీ వచ్చి, రజాకార్ల ఆట కట్టి, బెజవాడ దారి తెరుచుకున్నాక గానీ బేరింగులు దొరకలేదు. దొరికినా, బెజవాడ వాళ్లు నిజాం హాలీ సిక్కా ముట్టరు, ఇంగ్లీషు వాళ్ల కల్దార్ రూపాయలే కావాలి. రెండు చక్రాల సామాను, సరిహద్దు నాకా సుంకం, మేస్త్రీ కూలి, అన్నీ కలిపితే బిక్షం మూడు నెలల జీతం. తిరుపతయ్య చాలా రోజులు గునిసి గునిసి, చివరికి కారు అమ్ముడుపోవాలంటే తప్పదని కట్టాడు.

ఆ వారమే బిక్షం భార్య పెంటమ్మను సూర్యాపేట డాక్టరు చూసి, గుండె నీరు పట్టింది, పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. బిక్షం వచ్చి జీతం ముందుగా ఇమ్మని అడిగాడు. తిరుపతయ్య కాదనలేదు. "ఇప్పుడే బేరింగులకు కట్టిన. కారు అమ్ముడు పోనీ, ఇస్త," అన్నాడు. బిక్షానికి అది న్యాయంగానే తోచింది. బేరింగు లేకుండా చక్రం తిరగదు. చక్రం తిరగకుండా కారు పోదు. ఇంటికొచ్చి పెంటమ్మకు అట్లాగే చెప్పాడు. ఆమె కూడా సరేనన్నది.

నిన్న ఆమే అడిగింది, కారు ఎట్లాగూ మిర్యాలగూడకు పోతున్నది గదా, తననూ తీసుకుపొమ్మని. అక్కడికి దగ్గర్లోనే నిడమనూరులో ఆమె తమ్ముడు మల్సూర్ ఉన్నాడు. ఆమెకు పిల్లలు పుట్టారు గానీ దక్కలేదు. మంచం పడితే నీళ్లిచ్చే దిక్కు సూర్యాపేటలో లేదు. తిరుపతయ్య ఒప్పుకున్నాడు. "ఎనక సీట్ల కూసోమను. ముందల నీ పక్కన కూసుంటే బాగుండదు," అన్నాడు.

బిక్షం రేడియేటర్ కింద తడి ఏమైనా ఉందేమోనని వంగి చూస్తుండగా ఆమె మూటతో వచ్చి, అతను తలెత్తేసరికి వెనక సీటులో ఒక మూలకు ఒదిగి కూర్చుని ఉంది. పాత పచ్చచీర. ముఖం ఉబ్బి కళ్లు చిన్నవైపోయాయి. సీటు మాసిపోతుందేమో అన్నట్టు చేతులు రెండూ ఒళ్లోనే పెట్టుకుంది. అతను ఇరవై ఏళ్లుగా ఈ కారు నడుపుతున్నాడు. ఆమె దీనిలో కూర్చోవడం ఇదే మొదలు.

"మెత్తగున్నది," అన్నది పెంటమ్మ.

"ఊఁ," అని బిక్షం గేరు వేశాడు.

ఊరు దాటి బెజవాడ రోడ్డెక్కగానే చక్రం తన పాట అందుకుంది. మొదట తిరగలి తిప్పుతున్నట్టు, తర్వాత గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు, వేగం పెరిగేకొద్దీ ఒకటే హోరు. వెనక పెంటమ్మ దగ్గుతున్నదో లేదో వినబడదు. బిక్షం తిరిగి చూడలేదు.

వెనక్కి చూడకూడదని దొర మొదటి రోజే చెప్పాడు. అంతకుముందు బిక్షం గడీలో బండి తోలేవాడు. అతని తండ్రి కూడా అదే పని చేశాడు, కూలి లేకుండా. పొద్దున్నే ఇరుసుకు కందెన పెట్టడం, ఎడ్లకు గడ్డి వెయ్యడం, దొరసాని ఎక్కితే బండి పరదాలు సరిచెయ్యడం. దొర పట్నం నుంచి కారు కొనుక్కొచ్చినప్పుడు, దానితో వచ్చిన డ్రైవరు నెల తిరక్కుండానే ఊళ్లో ఉండలేనని పోతూ పోతూ బిక్షానికి నేర్పిపోయాడు. "బండి తోలినట్టే తోలు. ఎనక ఎవరు కూసున్నరు, ఏం మాట్లాడుకుంటున్నరు, నీకు పనిలేదు. ఎన్కకు మల్లి సూడొద్దు," అన్నాడు దొర. ఆ తర్వాత వెనక సీటులో చాలామంది కూర్చున్నారు. దొర కూర్చున్నాడు. పోలీసు అమీన్లు కూర్చున్నారు. దొర పోయాక రజాకార్లు తిరుపతయ్యను బెదిరించి కారు తీసుకుపోయి, బిక్షాన్నే నడపమన్నారు. వాళ్లు దిగిన ఊళ్లలో పొగ లేచేది. అతను స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూసేవాడు. ఒకసారి దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు దారి కాసి, తొడలో తూటా దిగిన పిల్లగాణ్ని ఎక్కించి గరిడేపల్లి దిక్కు పొమ్మన్నారు. పోయాడు. ఆనక మిలిట్రీ సార్లు ఎక్కారు. అందరూ దిగిపోయాక సీటు తుడిచేవాడు. ఒక్కోసారి మట్టి, ఒక్కోసారి నెత్తురు. ఏదైనా తడిగుడ్డతోనే పోయేది.

కోదాడ చేరేసరికి ఎండ ఎక్కింది. పర్వతాలు మేస్త్రీ షెడ్డు రోడ్డు పక్కనే. కొట్లో పనిచేస్తున్నవాడల్లా కారు చప్పుడు దూరం నుంచే విని బయటికొచ్చి నిలబడ్డాడు. బెజవాడలో పని నేర్చుకుని వచ్చిన మనిషి, మాటలో ఆ ఊరి యాస ఉంటుంది.

"ఏమయ్యా బిక్షం, ఇన్నాళ్లూ దీన్ని ఎట్లా నడిపావు?"

"నడిసింది," అన్నాడు బిక్షం.

పెంటమ్మను దించి చెట్టు నీడన నులకమంచం మీద కూర్చోబెట్టారు. మేస్త్రీ భార్య వచ్చి మజ్జిగ ఇచ్చింది. రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టింది పెంటమ్మ. కూర్చుంటేనే ఊపిరి ఆడుతోంది, పడుకుంటే ఆడదు. రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించి, ముందుకు వంగి, జాకీ మీద లేస్తున్న కారును చూస్తూ ఉండిపోయింది.

మేస్త్రీ చక్రం ఊడదీసి హబ్బు లాగాడు. లోపల గ్రీజు నల్లగా, ఇసుక కలిసినట్టు గరగరలాడుతోంది. బేరింగు బయటికి తీస్తే రోలర్లు కొన్ని పగిలి ఉన్నాయి, కొన్ని కాలి నీలంగా మారాయి. మేస్త్రీ దాన్ని గుడ్డలో పెట్టి తుడిచి చూపించాడు.

"ఇంకొంచెం దూరం పోతే చక్రం నీకంటే ముందు పోయేది."

కొత్త బేరింగులు నూనె కాగితంలో చుట్టి ఉన్నాయి. విప్పితే వెండి సామాన్లలా మెరిశాయి. బిక్షం ఒకటి చేతిలోకి తీసుకుని వేలితో తిప్పాడు. నీళ్లలో తిరిగినట్టు తిరిగింది. ఎందుకో దాన్ని తీసుకెళ్లి పెంటమ్మకు చూపించాడు.

ఆమె అరచేతిలో పెట్టించుకుని చూసింది. "గిదా? గింత సిన్నదా?"

"ఊఁ."

"గీటికా గంత ఖర్సు?"

"బెజవాడ నుంచి రావాలె. ఇవి లేకుంటే సక్రం తిరగదు."

పెంటమ్మ కాసేపు దాని బరువు చూసింది. "ఇగ సప్పుడు రాదా?"

"రాదు."

"మంచిది. ఆ సప్పుడుకు నువ్వు నిద్రల గూడ ఉలికిపడుతున్నవ్," అని తిరిగి ఇచ్చేసింది. అతను తాను నిద్రలో ఉలికిపడతానని అంతవరకు ఎరగడు.

మేస్త్రీ పాత రింగులు కొట్టి తీసి, కొత్తవి దించి, గ్రీజు నింపి, నట్టు బిగించి, కొంచెం వదులు చేసి, పిన్ను వంచాడు. రెండో చక్రానికీ అంతే. పని అయ్యాక చక్రాన్ని ఒక్క తోపు తోశాడు. అది ఏ శబ్దమూ లేకుండా తిరుగుతూనే ఉంది. మేస్త్రీ బీడీ వెలిగించుకుని, సగం తాగేదాకా తిరిగింది.

"మీ ఇంటావిడని దవాఖానకా తీసుకెళ్లేది?" అని అడిగాడు.

"కాదు. తల్లిగారింటికి."

మేస్త్రీ పెంటమ్మ వైపు చూసి, బిక్షం వైపు చూసి, జాకీ దించాడు.

హుజూర్‌నగర్ దారిలో కారు కొత్తగా ఉంది. బిక్షానికి చెవులు ఖాళీ అయినట్టనిపించింది. ఇన్నాళ్లూ ఆ హోరు వెనక దాగిన చప్పుళ్లన్నీ ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. టైరు కింద మొరం నలగడం. తలుపు అద్దం సన్నగా అదరడం. కోసిన వరిమళ్లలో కొంగలు లేచినప్పటి రెక్కల చప్పుడు. వెనక నుంచి పెంటమ్మ ఊపిరి, బుసకొడుతున్నట్టు.

"సప్పుడు లేదు," అన్నది ఆమె హుజూర్‌నగర్ దాటాక.

"ఊఁ."

తాను ఇంకేమైనా అంటే బాగుండునని అతనికి తోచింది. తమ్ముడింట్లో సర్దుకుని ఉండమని చెప్పాలి. కారు లేకపోతే తాను ఏం చేస్తాడో చెప్పాలి. అది అతనికే తెలియదు. ఎడ్లబండి తోలడం చేతులకు ఇంకా గుర్తుందేమో. అవన్నీ నిడమనూరు పోయాక మాట్లాడుకోవచ్చని, చక్రం వైపు చెవి పెట్టి నడిపాడు. చప్పుడు మళ్లీ వస్తుందేమోనని వింటూనే ఉన్నాడు. రాలేదు. వెనక నుంచి కూడా ఏమీ రాలేదు. నిద్ర పట్టిందనుకున్నాడు. ఎన్ని రోజుల తర్వాతనో పట్టింది, సీటు మెత్తగా ఉంది, కుదుపు లేదు. గోతుల దగ్గర ఇంకా నెమ్మదిగా పోనిచ్చాడు.

గరిడేపల్లి దాటాక ఒక మోటబావి దగ్గర రేడియేటర్ కోసం ఆపాడు. నీళ్లు పోసి, మోట తోలే మనిషి నుంచి చెంబు అడిగి తీసుకుని, పెంటమ్మకు తాగడానికి పట్టుకొచ్చాడు. వెనక తలుపు తెరిచాడు.

ఆమె మూలకు ఆనుకుని కూర్చునే ఉంది. కళ్లు సగం మూసి ఉన్నాయి. చేతులు ఒళ్లో అట్లాగే ఉన్నాయి. బిక్షం పిలిచాడు. చెంబు పెదాలకు ఆనించాడు. నీళ్లు గడ్డం మీదుగా జారి చీర మీద, సీటు మీద పడ్డాయి.

అతను చెంబు కింద పెట్టాడు. కాసేపు నిలబడి, అటూ ఇటూ చూసి, లోపలికెక్కి ఆమె పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆ సీటును ఎన్నిసార్లు తుడిచాడో గానీ దానిమీద కూర్చోలేదు. నిజమే, మెత్తగా ఉంది. ముందు అద్దంలోంచి రోడ్డు కనబడుతోంది. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. బావి దగ్గర ఎడ్లు వెనక్కి నడుస్తున్నాయి, మళ్లీ ముందుకు నడుస్తున్నాయి. ఏడుపు వస్తుందేమోనని చూశాడు. రాలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు, ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

ఎంతసేపటికో, కారులో ప్రాణం పోయిందని తెలిస్తే మిల్లు సేటు తీసుకోడనే సంగతి అతనికి తట్టింది. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకు కోపం కూడా రాలేదు. కారు తీసుకోకపోతే తిరుపతయ్య పెట్టిన ఖర్చంతా మట్టిలో కలుస్తుంది. ఖాకీ కోటు విప్పి పెంటమ్మకు గడ్డం దాకా కప్పాడు. కళ్లు పూర్తిగా మూశాడు. చెంబు తీసుకెళ్లి మోట మనిషికి ఇచ్చేశాడు.

"ఆమెకు పానం బాగలేదా?" అని అడిగాడు ఆ మనిషి.

"పండుకుంది," అన్నాడు బిక్షం.

మిర్యాలగూడలో మిల్లు ఆవరణ నిండా వడ్ల బండ్లు. బస్తాలు దించి ఖాళీ అయినవి ఒక పక్క గోడ నీడన నిలబెట్టి ఉన్నాయి. బిక్షం కారును ఆ గోడ పక్కకు తీసుకెళ్లి ఆపి, ఒక బండి దగ్గర ఎడ్లకు గడ్డి వేస్తున్న మనిషిని అడిగాడు.

"ఏ ఊరు?"

"నిడమనూరు. లచ్చయ్యంటరు."

"మల్సూర్ ఎరికేనా?"

"మా ఇంటెనకనే."

"మల్సూర్ అక్క మా ఇంటామె. పానం బాగలేదు. జర నీ బండిల తోలుకపోవాలె."

"పెంటక్కనా? అయ్యో, అడుగుడేంది. పట్టు," అని లచ్చయ్య వచ్చాడు. ఇద్దరూ కలిసి ఆమెను ఎత్తి, బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టారు. లచ్చయ్య కాళ్ల వైపు పట్టుకున్నాడు. పడుకోబెట్టాక కూడా అతని చేతులు ఆమె పాదాల దగ్గరే ఆగిపోయాయి.

"బావా," అన్నాడు మెల్లగా. "సల్లగున్నది."

"ఊఁ. గరిడేపల్లి దాటినంక."

"మరి సెప్పవేంది?"

"వాళ్లు కారు సూసుకోవాలె," అన్నాడు బిక్షం.

లచ్చయ్య అతని మొహం వైపు చూశాడు. తర్వాత తన దుప్పటి తీసి కోటు మీద కప్పి, బండిని కొంచెం తిప్పి ఆమె మొహం గోడ వైపు ఉండేట్టు నిలబెట్టాడు. ఎడ్ల దగ్గరికి పోయి ఊరికే వాటి మెడలు నిమురుతూ నిలబడ్డాడు.

మిల్లు సేటు, ఆయన మేనల్లుడు వచ్చారు. మేనల్లుడికి పాతికేళ్లుంటాయి, తెల్ల చొక్కా చేతులు మడిచి జాకీ తనే ఎత్తాడు. చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టి విన్నాడు. రెండోది కూడా తిప్పాడు.

"సప్పుడే లేదు, మామా."

సేటు కారు చుట్టూ తిరిగి, వెనక తలుపు తెరిచి సీటు మీద చెయ్యి వేశాడు. "తడిగున్నదేంది?"

"నీళ్లొలికినయి," అన్నాడు బిక్షం.

"ఆరుతది తీ," అన్నాడు సేటు. "పైసలు రేపు మా మునీం తెస్తడని తిరుపతయ్యకు సెప్పు."

బిక్షం సీటు కింది నుంచి హ్యాండిల్ తీసి మేనల్లుడి చేతికిచ్చాడు. ఎదురుగా నిలబడి, చాలాసేపు తడుముకుని, "సలికాలం మొదటిపారి లెవ్వదు. మల్లోపారి తిప్పుండ్రి. జోరు జెయ్యొద్దు," అని చెప్పాడు. మేనల్లుడు అప్పటికే డ్రైవరు సీటులో కూర్చుని హారను నొక్కి చూస్తున్నాడు.

బండి మిల్లు గేటు దాటి నిడమనూరు బాట పట్టింది. లచ్చయ్య ముందు కూర్చుని తోలుతున్నాడు. బిక్షం వెనక, పెంటమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఇరుసుకు కందెన లేక కిర్రుకిర్రుమంటోంది. అతనికి దిగి కందెన పెట్టాలనిపించింది, మళ్లీ ఊరుకున్నాడు. పొద్దు వాలుతోంది. కోతలైన మళ్ల మీద నుంచి చల్లగాలి మొదలైంది.

దుప్పటి ఒక పక్కకు జరిగింది. సరిచెయ్యబోతూ ఆమె పాదాలు చూశాడు. వాచి, మడమలు పగిలి, చెప్పుల్లేకుండా ఉన్నాయి. మూట విప్పి వెతికాడు. చీర ఉంది, రవిక ఉంది, తమ్ముడి పిల్లలకని కట్టిన బెల్లపు ముక్క ఉంది. కారులో ఉండిపోయాయా అనుకున్నాడు. లేవు, సీటు కింద అతను చూశాడు.

"ఏమైంది, బావా?" అన్నాడు లచ్చయ్య వెనక్కి తిరగకుండా.

"ఏం లేదు. పోనియ్యి."

అప్పుడు తెలిసింది. కారెక్కేటప్పుడు ఎవరింటి గడప దగ్గరో విడిచినట్టు విడిచి, ఉత్త కాళ్లతో ఎక్కి ఉంటుంది. తాను వంగి రేడియేటర్ కింద చూస్తున్నాడు, గమనించలేదు.

సూర్యాపేటలో తిరుపతయ్య షెడ్డు ఇప్పుడు ఖాళీగా ఉంటుంది. నేల మీద నూనె మరక పక్కన, ఇంతకు ముందు కారు వెనక తలుపు ఉండే చోట, ఆమె చెప్పులు జతగా, లోపలి వైపు తిరిగి ఉంటాయి.